నిండా పోసిన గిన్నె

సతార్‌కుల్‌ను తీసుకుపోయే బండి సాయంత్రం నాలుగింటికి వస్తుందని కెప్టెన్ ఉలార్‌బెక్ నాకు మూడోసారి గుర్తుచేశాడు. ఆ బండి పోయేది జైలు వెనక ఉన్న తాళాల ఆసుపత్రికి. అందులోకి వెళ్ళినవాళ్ళు బయటికొచ్చిన సంగతి నా ఇన్నేళ్ళ ఉద్యోగంలో వినలేదు. కాగితాల మీద అన్ని సంతకాలూ పడ్డాయి, నాది తప్ప. జిల్లా కేంద్రం నరీన్ నుంచి దర్యాప్తు అధికారిగా నన్ను పంపింది ఆ సంతకం కోసమే. ఆలోచించమని ఎవరూ అడగలేదు. కానీ అది నా పాడు అలవాటు.

జరిగింది వినడానికి చిన్న సంగతే. మూడు రోజుల క్రితం, భోజనాలయ్యాక రోగులంతా పడుకునే వేళ, ఈ మానసిక ఆసుపత్రి మగవాళ్ళ వార్డు పెద్ద నర్సు కలీపా తన టీ గదిలో గోడకి తలవాల్చి చనిపోయి ఉంది. ఆమె టీ తాగిన గిన్నె అడుగున గుర్రాన్ని పడగొట్టేంత నిద్రమందు. ఎదురుగా, ముట్టుకోని టీతో ఇంకో గిన్నె. ఆ పూట అక్కడికి వెళ్ళానని తానే చెప్పినవాడు సతార్‌కుల్. ఒకప్పుడు బడిలో భూగోళం చెప్పిన మాస్టారు, పదకొండేళ్ళుగా ఈ వార్డులో రోగి.

"బిళ్ళలు మింగకుండా నాలుక కింద దాచే అలవాటుంది వాడికి," అన్నాడు ఉలార్‌బెక్. "దాచాడు, ఆవిడ టీలో కలిపాడు. వెళ్ళానని వాడే ఒప్పుకున్నాడు. పిచ్చోడి చేతిలో రాయి, జూరకాన్ అక్కా. ఎవరికి తగులుతుందో వాడికే తెలీదు."

"రాయి ఎవరి చేతిలో ఉందో ముందు చూడనీ," అన్నాను.

అతనికి ముప్పై దాటలేదు. బూట్లు తళతళలాడుతున్నాయి. కేసు మూసేస్తే పై నెలలో భుజం మీద ఇంకో నక్షత్రం ఎక్కుతుందట. నేను అడిగే ప్రతి ప్రశ్నా ఆ నక్షత్రం మీద పడ్డ దుమ్ములా కనిపిస్తోంది పాపం.

వార్డు తలుపులకి పిడులుండవు. పిడి సిబ్బంది జేబులో ఉంటుంది. తలుపు కన్నంలో పెట్టి తిప్పి, తెరిచి, మళ్ళీ జేబులో వేసుకుంటారు. అలాంటి పిడులు ఆ వార్డుకి మూడే ఉన్నాయి. ఒకటి చనిపోయిన కలీపాది, ఒకటి వార్డు సహాయకుడు ముకాష్‌ది, మూడోది డాక్టరు నుర్జాత్‌ది. లోపలున్న రోగులూ ఈ ముగ్గురూ కాక బయటి మనిషి ఎవరూ ఆ పూట అక్కడికి రాలేరు. అంటే నేను వెతకాల్సిన ఊరు చాలా చిన్నది.

టీ గదికి పోలీసు సీలు వేసి ఉంది. గిన్నెలు తప్ప మిగతావి కదల్చలేదని ఉలార్‌బెక్ గర్వంగా చెప్పాడు. అందుకు మాత్రం అతన్ని మెచ్చుకున్నాను. పొయ్యి పక్కన కలీపా కూర్చునే చోటు. ఎదురుగా బల్ల మీద రెండో గిన్నె ఉన్న చోట సుద్దముక్కతో గీసిన సున్నా. కెటిల్ మాత్రం ఆమె ముందూ లేదు, ఎదుటా లేదు. కిటికీ వైపు మూడో పక్కన ఉంది, దాని చెయ్యి కిటికీ దగ్గరున్న పీట వైపు తిరిగి ఉంది.

"ఇక్కడ కూర్చున్నదెవరు?" అన్నాను.

"ఎవరూ లేరు. రెండు గిన్నెలేగా."

"గిన్నె కడిగేస్తే పోతుంది. కెటిల్ ఎవరి చేతికి అందేలా ఉందో ఆ చెయ్యే టీ పోస్తుంది. మీ ఇంట్లో ఎలా ఉంటుందో చూసుకో."

నేను బల్ల మీదున్న రొట్టెకి కప్పిన గుడ్డ తీశాను. మూడు రోజులకి చెక్కలా ఎండిపోయింది. గుండ్రటి రొట్టె, ఎవరూ విరవలేదు. సుద్ద సున్నా ఉన్న వైపు అంచున మాత్రం బొటనవేలి గోరంత ముక్క గిల్లి ఉంది.

"ఎలుక కొట్టేసి ఉంటుంది," అన్నాడు.

"ఎలుక కొరుకుతుంది ఉలార్‌బెక్. గిల్లదు."

ఇక్కడి ప్రతి పిల్లకీ తల్లి నేర్పే మర్యాద అది. ఒక ఇంటి నుంచి తొందరగా లేవాల్సి వస్తే, రొట్టె ముక్క గిల్లి నోట్లో వేసుకుని మరీ లేస్తాం. పెట్టినదాన్ని కాదని వెళ్ళలేదు అని చెప్పడానికి. హత్య చేసి పారిపోయేవాడు ఆ పని చెయ్యడు. ఆ మాట కెప్టెన్‌తో అన్నాను. పిచ్చివాడికి మర్యాదేంటని నవ్వాడు.

సతార్‌కుల్‌ను ఒంటరి గదిలో పెట్టారు. నేను వెళ్ళేసరికి మంచం అంచున కూర్చుని ఉన్నాడు, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ఎవరింటికో వచ్చిన చుట్టంలా. అరవై ఉంటాయి. మాస్టారూ అని పిలిస్తే కాసేపు నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు. పదకొండేళ్ళలో ఆయన్ను అలా పిలిచింది కలీపా ఒక్కతేనని తర్వాత తెలిసింది.

ఆ పూట ఏం జరిగిందని అడిగాను.

"నిండా పోశారు. లేచొచ్చేశాను," అన్నాడు.

ఉలార్‌బెక్ నా చెవిలో, మూడు రోజులుగా ఇదే పాట అని గొణిగాడు. సంధి ప్రేలాపన అని డాక్టరమ్మ కూడా రాసి ఇచ్చిందట.

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఈ నేల మీద పుట్టిన మనిషి ఆ మాట విని ప్రేలాపన అనుకోవడమా? అతిథికి మేం గిన్నెలో రెండు గుక్కలే పోస్తాం. అయిపోగానే మళ్ళీ పోస్తాం, మళ్ళీ, మళ్ళీ. పోసే చెయ్యి అలిసిపోవడమే మర్యాద. అంచుదాకా పోసి చేతికిచ్చామంటే, ఇది తాగి ఇక వెళ్ళమని. ఉలార్‌బెక్‌కి అది తెలియక కాదు. వాళ్ళమ్మ నిండా పోస్తే అతనూ లేచి వెళ్ళిపోతాడు. ఆ మాట అన్నవాడి మంచానికి రోగమనే చీటీ తగిలించి ఉంది గనక చెవిలోకి దూరలేదు, అంతే.

"ఎవరు పోశారు మాస్టారూ? కలీపాయేనా?"

"కలీపా నాకెప్పుడూ రెండు గుక్కలే పోస్తుంది. ఆ రోజు రమ్మన్నదీ ఆవిడే. నేను వెళ్ళేసరికి గోడకి ఆనుకుని కునుకు తీస్తోంది. పొద్దున్నించీ పని కదా, అలిసిందనుకున్నా. లేపి ఉండాల్సింది."

"మరి కెటిల్ ఎవరి చేతిలో ఉంది?"

ఆయన కిటికీ వైపు చూశాడు.

"మొన్న వసంతంలో నేనో పేరు చెప్పానమ్మా. నా పక్క మంచం పిల్లాడు ఎమిల్‌ని కట్టేసి, తడి దుప్పటి మొహం దాకా బిగించి పోయారు. నేను అరిచాను. తెల్లారేసరికి పోయాడు. గుండె ఆగిందన్నారు. ఎవరు కట్టించారో చెప్పాను. మర్నాడు నా జబ్బు ముదిరిందన్నారు, నన్నూ మూడు రోజులు కట్టేశారు." చిన్నగా నవ్వాడు. "పేరు చెప్తే నాకు జబ్బు పెరుగుతుందమ్మా. అందుకని పేరు చెప్పను. పోసింది ఎంతో మాత్రం చెప్తున్నా."

మిగతాది నెమ్మదిగా రాబట్టాను. ఆయన మాట నమ్మినదల్లా కలీపాయే. పై వారం రాజధాని నుంచి తనిఖీకి వచ్చేవాళ్ళ ముందు తానూ నోరు విప్పుతానంది. రోగి మాటకి నర్సు మాట తోడైతే అది సాక్ష్యమవుతుంది. ఒక్క రోగి మాటే మిగిలితే అది జబ్బే. ఈ లెక్క ఆ వార్డులో అందరికీ తెలుసు.

ముకాష్ తలుపంత మనిషి, నోరు దానికి తగ్గట్టే. ఆ పూట పెరట్లో నలుగురు రోగులతో బొగ్గు దించుతున్నాడని బండివాడూ వంటావిడా చెప్పారు. నేను అతన్ని అడిగింది ఒక్కటే. సతార్‌కుల్ వచ్చి బయట వాన పడుతోందంటే ఏం చేస్తావని.

"కిటికీలోంచి చూస్తాను," అన్నాడు. "పిచ్చి వెధవలే, కాదనను. అయితే మాత్రం, వాన కనపడదా వాళ్ళకి?"

కలీపా గురించి చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. రోగులకి వియ్యంకులకి పోసినట్టు పోసేదట, ఇంతింత. తామైతే నిండా పోసి చేతిలో పెడతారు, మళ్ళీ లేవక్కర్లేకుండా. ఆ తేడా చూసి వెనకాల నవ్వుకునేవాళ్ళమని, ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తోందని అన్నాడు. డాక్టరమ్మకి ఈ సంగతి తెలుసా అంటే, ఆవిడ టీ వేళకి వార్డులో కాలెందుకు పెడుతుందని ఎదురడిగాడు.

నుర్జాత్ గది ముందు భవనంలో ఉంది. ముప్పై అయిదేళ్ళుంటాయి. మెత్తటి గొంతు, మెత్తటి నడక. రోగుల గౌరవం గురించి ఆవిడ రాజధానిలో ఉపన్యాసాలిస్తుందని గోడ మీద ఫొటోలు చెబుతున్నాయి. రోగులంటే తనకి పసిపిల్లలట. పిచ్చి అన్న మాట ఎవరైనా వాడితే కేకలేస్తుందట. ముకాష్‌కి దానిమీద రెండుసార్లు మొట్టికాయలు పడ్డాయని ఆవిడే చెప్పింది. ఆ పూట ఈ గది దాటి వెళ్ళలేదని, వార్డు గడప తొక్కలేదని కూడా చెప్పింది.

వాన ప్రశ్న ఆవిడనీ అడిగాను.

"అవును కన్నా, వాన పడుతోంది అంటాను," అంది నవ్వుతూ. "వాళ్ళని నొప్పించకూడదు కదా."

"కిటికీలోంచి చూస్తారా?"

"దేనికండీ?"

ఆ జవాబు నాకు ముల్లులా గుచ్చుకుంది. తిట్టేవాడు కిటికీలోంచి చూస్తాడు, ముద్దుచేసేది చూడదు. పసిపిల్లలైనా పదే పదే ఒకే కబురు చెబితే ఒకసారి తొంగి చూస్తాం.

వరండాలోకి వచ్చేసరికి నా ఫోన్ మోగింది. నరీన్ ప్రయోగశాల. ఉలార్‌బెక్ కలీపా గిన్నె ఒక్కటే పరీక్షకి పంపాడు. రెండోది, ముట్టనిది, హంతకుడిదేగా అని బీరువాలో పెట్టాడు. నిన్న రాగానే దాన్ని నేను పంపించాను. ఇప్పుడు కబురొచ్చింది. అందులోనూ అదే మందు, ఇంకా ఎక్కువ. పైగా అది బిళ్ళ నూరింది కాదు, చుక్కల మందు. తాళం వేసిన అలమారలో ఉండేది.

కెప్టెన్‌కి చెప్పాను. మొహం ఎర్రబడింది.

"పిచ్చోడు కదక్కా. తన గిన్నెలో తనే కలుపుకుని ఉంటాడు."

"మరి తాగకుండా ఎందుకు పోయాడు?"

"పిచ్చోడు కదా, మర్చిపోయి ఉంటాడు."

"అలమార తాళం?"

"అదీ ఎలాగో..."

"ఉలార్‌బెక్, పిచ్చి అన్న మాట నీకు అన్ని తాళాలకీ పట్టే చెవైపోయింది. మాట్లాడితే పిచ్చి, ఊరుకుంటే పిచ్చి, రొట్టె గిల్లితే పిచ్చి. ఆ మాట ఒక్కటి పక్కన పెట్టి ఈ కేసు నాకు చెప్పు చూద్దాం."

చెప్పలేనివాళ్ళు చేసే పనే చేశాడు. పై అధికారికి ఫోన్ చేస్తానన్నాడు, ముసలితనంతో నేను కేసు చెడగొడుతున్నానన్నాడు, ఒక రోగి చెప్పే మాటని ఏ కోర్టూ వినదన్నాడు. ఆ చివరి మాట నిజం. నా దగ్గరున్నవి కెటిల్ చెయ్యీ, గోరంత రొట్టె గాటూ, పేరు చెప్పని సాక్షీ. ఇవి పట్టుకుని ఒక డాక్టరు మీదికి వెళితే పులి మీసం లాగినట్టే. నాలుగింటికి బండి వస్తే మాస్టారు పోతాడు, ఆయనతో పాటు ఆ ఎమిల్ అనే పిల్లాడూ రెండోసారి పోతాడు.

"సరే, సంతకం పెడతాను," అన్నాను. "బండి వచ్చేలోపు అందరం కలిసి ఆ గదిలో ఒక్క టీ తాగుదాం. చచ్చిపోయినావిడ పేరు మీద. ఇన్నేళ్ళు ఉన్న మనిషి వెళ్ళిపోతున్నాడు, ఊరికే పంపకూడదు."

ఒక టీతో సంతకం వస్తుందంటే ఎవడు కాదంటాడు?

బల్ల తుడిపించాను. కొత్త గిన్నెలు, తాజా రొట్టె వంటింటి నుంచి వచ్చాయి. పొయ్యి పక్కన నేను కూర్చున్నాను. మాస్టారిని సుద్ద సున్నా చెరిపిన చోట కూర్చోబెట్టాను. ఉలార్‌బెక్ తలుపు దగ్గర, రోగి పక్కన కూర్చోవాల్సి వచ్చినందుకు కుర్చీ కొంచెం దూరం జరుపుకుని కూర్చున్నాడు. మిగిలింది కిటికీ వైపు పీట. కెటిల్ దాని ముందే పెట్టాను.

నుర్జాత్ నల్ల శాలువాతో వచ్చింది. ఒక్క క్షణం పీట వైపు చూసి కూర్చుంది. పెద్దదాన్ని నేనుండగా టీ పోయాల్సింది కెటిల్ దగ్గరున్న చిన్నదే. ఎవరూ చెప్పక్కర్లేదు. కలీపా దగ్గర కూడా కెటిల్ చేతులు మారింది ఇందువల్లే అయ్యుండాలి. అక్కా, మీరు కూర్చోండి, నేను పోస్తాను, అని ఎవరైనా అంటే ఏ పెద్దావిడ కాదంటుంది?

కలీపా గురించి నాలుగు మంచి మాటలు చెప్పుకున్నాం. నుర్జాత్ బాగా చెప్పింది. చెబుతూనే నాకు రెండు గుక్కలు పోసి, గిన్నె అరచేతుల్లో పట్టుకుని అందించింది. కెప్టెన్‌కీ రెండు గుక్కలే. తనకీ అంతే పోసుకుంది. తర్వాత మాస్టారి గిన్నె తీసుకుంది. ఆవిడ అటు చూడను కూడా చూడలేదు. నాతో మాట్లాడుతూనే పోసింది, అంచుదాకా పోసింది, ఇంకో చుక్క పడితే ఒలికిపోయేదాకా పోసి ఆయన ముందు పెట్టింది.

సతార్‌కుల్ గిన్నె వైపు చూశాడు. తర్వాత నా వైపు. ఆ కళ్ళలో కోపం లేదు, అలవాటు ఉంది. రొట్టె అంచు గోరంత గిల్లి నోట్లో వేసుకున్నాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టి నెమ్మదిగా లేచాడు.

నుర్జాత్ అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. పసివాడిని బుజ్జగించే గొంతుతో అంది.

"కూర్చో కన్నా. మొన్నట్లా లేచి వెళ్ళిపోకు. ఇవాళైనా తాగు."

అని, మళ్ళీ నా వైపు తిరిగి, కలీపా అక్క చేతి జామ్ ఎంత బాగుండేదో చెప్పసాగింది.

గదిలో ఏదో మారిందని ఆవిడకి ఇంకా తెలియలేదు. ముందు మారింది ఉలార్‌బెక్. నోటిదాకా తీసుకెళ్ళిన గిన్నె కిందికి దించాడు. ఈ ప్రశ్న అతనే అడగాలి. నేను అడిగితే అది ముసలిదాని చాదస్తం, అతను అడిగితే కేసు.

"డాక్టరుగారూ," అన్నాడు. "మొన్న మీరు ముందు భవనం దాటలేదన్నారు. ఆయన ఇక్కడ్నించి లేచి వెళ్ళడం మీరెప్పుడు చూశారు?"

నుర్జాత్ అతని వైపు విచిత్రంగా చూసింది. భయం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది ఆశ్చర్యం. నిజంగానే ఆశ్చర్యం.

"నేను మీతో అనలేదండీ," అంది. "అతనితో కదా అన్నాను."

ఆ మాట బల్ల మీద అలాగే ఉండిపోయింది. ఎవరో ఒకరు దాన్ని తీసి దాచేస్తారని ఆవిడ చూసింది. పదకొండేళ్ళుగా ఆ వార్డులో రోగితో అన్న మాట ఎవరూ విన్నట్టు కాదు. అది గోడతో అన్నట్టే. గోడ పక్కన ఇంకో ఇద్దరు మనుషులు కూర్చున్నారన్నది ఆ క్షణంలో ఆవిడకి తట్టలేదు. నా సర్వీసులో ఎందరో తెలివైన దొంగలు తప్పు చెయ్యడం చూశాను. ఇంత నిజాయితీగా తప్పు చేసినదాన్ని చూడలేదు.

బయట బండి చప్పుడైంది. నాలుగయిందన్నమాట.

ఉలార్‌బెక్ లేచాడు. జేబులోంచి బేడీలు తీస్తాడనుకున్నాను. తియ్యలేదు. నుర్జాత్ ముందున్న కెటిల్ తన చేతిలోకి తీసుకున్నాడు.

"అందరిలోకీ చిన్నవాణ్ణి నేనే అక్కా," అన్నాడు నాతో. "ఇందాకే నేను పొయ్యాల్సింది."

మాస్టారి ముందున్న నిండు గిన్నె తీసి తొట్టిలో ఒంపేశాడు. దాన్ని కడిగి, తన రుమాలుతో తుడిచి, రెండు గుక్కలు పోసి, రెండు చేతులతో అందించాడు. "కూర్చోండి మాస్టారూ," అన్నాడు. కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చోబోయి, మళ్ళీ ఆగి, నుర్జాత్ గిన్నె వైపు తిరిగాడు. అంచుదాకా పోశాడు. టీ ఒలికి బల్ల గుడ్డ మీద పాకింది, అయినా పోశాడు.

ఆవిడ చేతులు ఒళ్ళోంచి పైకి రాలేదు. ఆ గిన్నెకి అర్థం ఏమిటో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. తనూ ఈ నేల పిల్లే. మెల్లగా లేచి నుంచుంది, తలుపు వైపు ఒక అడుగు వేసింది.

అప్పుడు సతార్‌కుల్ రొట్టె పళ్ళెం ఆవిడ వైపు జరిపాడు.

"ముక్క గిల్లుకుని వెళ్ళు తల్లీ," అన్నాడు. "ఖాళీ నోటితో పోకూడదు."